ఓడిపోయిన పాటలకు పట్టం కట్టిన ఊళ్ళు
(నార్తర్న్ సోల్ అభిమానుల జ్ఞాపకాలు, అభిప్రాయాలు — ఒక పరిశీలన)

బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

ఏ సంగీతానికైనా చరిత్ర రాసేటప్పుడు పాడినవారి గురించి రాస్తారు, బాణీ కట్టినవారి గురించి రాస్తారు. విన్నవారి గురించి ఎవరూ రాయరు. వినేవాడు టిక్కెట్టు కొని, చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి పడుకుంటాడు. అంతటితో అతగాడి పాత్ర ముగిసిందని మన అభిప్రాయం. కాని ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో 1960ల చివరి సంవత్సరాల్లో మొదలై ఇప్పటికీ ఆరిపోని సంగీతోద్యమం ఒకటుంది. అందులో పాడినవాళ్ళు అమెరికాలో ఉన్నారు. తమ పాటకు సముద్రం అవతల పూజ జరుగుతున్నదన్న సంగతి వాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి తెలియనే తెలియదు. ఉద్యమాన్ని నడిపినదంతా విన్నవాళ్ళే. దాని పేరు నార్తర్న్ సోల్.

ఈ పేరు చూసి ఇదేదో అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల సంగీతం అనుకునేవాళ్ళున్నారు. కాదు. పాట పుట్టిన చోటును బట్టి కాక పాట విన్న చోటును బట్టి వచ్చిన పేరిది. ఆ 'ఉత్తరం' అంటే మాంచెస్టరు, విగన్, కొంచెం దిగువన స్టోక్, వుల్వర్‌హాంప్టన్ — నూలు మిల్లులు, బొగ్గు గనులు, పింగాణీ కార్ఖానాలు, ఇనుప పనుల ఊళ్ళు. బ్లాక్‌పూల్ మాత్రం ఆ కార్మికులందరూ సెలవులకు పోయే సముద్రపు ఒడ్డు ఊరు. ఆ ఊళ్ళ అభిమానులు ఏమేమి గుర్తు పెట్టుకున్నారు, ఏయే విషయాల మీద యాభై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నారు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

పేరు పెట్టినవాడు డేవ్ గోడిన్ అనే పత్రికా రచయిత. లండన్‌లో కోవెంట్ గార్డెన్ ప్రాంతంలో ఆయనకు సోల్ సిటీ అనే రికార్డుల దుకాణం ఉండేది. ఫుట్‌బాల్ ఆటలు చూడటానికి ఉత్తరాది నుంచి లండన్ వచ్చిన కుర్రాళ్ళు ఆ దుకాణంలో దూరేవారు. అప్పటికి అమెరికాలో నల్లజాతివారి సంగీతం మారిపోతోంది. బాస్ గిటారు బరువెక్కి, లయ విరిగి విరిగి నడిచే ఫంక్ అనే బాణీ వస్తోంది. ఈ కుర్రాళ్ళకు అది పట్టదు. మూడు నాలుగేళ్ళ కిందటి జోరైన పాటలే కావాలంటారు. ఉత్తరాది వాళ్ళు వస్తే కొత్తవి చూపించి కాలం పాడుచేసుకోకండి, 'నార్తర్న్ సోల్' వినిపించండి అని 1968 ప్రాంతంలో గోడిన్ తన పనివాళ్ళకు చెప్పాడట. 1970లో బ్లూస్ అండ్ సోల్ పత్రికలో తన శీర్షికలో ఆ మాటను అచ్చులోకి తెచ్చాడు. అంటే ఇది మొదట్లో సిద్ధాంతమూ కాదు, ఉద్యమమూ కాదు. బియ్యం బస్తా మీద రకం పేరు రాసుకున్నట్టు కొట్టులో పెట్టుకున్న గుర్తు, అంతే.

అసలు సోల్ అంటే ఏమిటో చెప్పుకోకుండా ముందుకు పోవడం మంచిది కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు చర్చీల్లో పాడుకునే గాస్పెల్ గీతాల ఆవేశమూ, రిథమ్ అండ్ బ్లూస్ అనే లౌకిక సంగీతపు నడకా కలిసి 1950లు, 60లలో ఏర్పడిన బాణీ అది. ఆ మాటకు ఆత్మ అని అర్థం. దీనికి పెద్ద మార్కెట్టు చూపించినవాడు డెట్రాయిట్ నగరంలో 1959లో మోటౌన్ కంపెనీ పెట్టిన బెర్రీ గోర్డీ. డెట్రాయిట్ అంటే కార్ల నగరం. గోర్డీ కూడా అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. ఒట్టి ఇనుప చట్రంగా లోపలికి పోయిన బండి ఒక్కొక్క బిగింపూ పూర్తి చేసుకుని చివరకు కారై బయటికొస్తుంది. పాటను కూడా అలాగే తయారుచేయాలన్నది ఆయన ఊహ. నాలుగు దెబ్బల తాళంలో ప్రతి దెబ్బా స్పష్టంగా పడటం, దానిమీద కంజీర వంటి టాంబరీను, ఇత్తడి బూరలు, వెనక బృందగానం, మీద ప్రేమలో దెబ్బతిన్న గొంతు — ఇదీ మోటౌన్ బాణీ. లయ వింటే కాలు ఆగదు, మాటలు వింటే కన్ను ఆగదు. సంతోషపు నడకలో దుఃఖపు పాట అన్నమాట. నార్తర్న్ సోల్ అభిమానులలో ఎవరిని కదిపినా ముందు చెప్పేది ఈ గుణమే.

మోటౌన్ గెలిచేసరికి డెట్రాయిట్, షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలిస్ నగరాల్లో చిన్న చిన్న కంపెనీలు వందల కొద్దీ పుట్టుకొచ్చాయి. అందరూ అదే బాణీలో పాటలు తీశారు. ఒక్కొక్క పాటనూ ఏడంగుళాల చిన్న ప్లేటు మీద, నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డుగా అచ్చువేశారు. కొన్ని వందల ప్రతులు వేసినవాళ్ళున్నారు, వెయ్యి రెండు వేలు వేసినవాళ్ళున్నారు. రేడియోవాళ్ళు వేస్తే బతికింది, వేయకపోతే గోదాములో పడింది. చాలావాటికి రెండో గతే పట్టింది. ఒక ఏడు మిర్చికి ధర వచ్చిందని మరుసటేడు ఊరంతా మిర్చి వేస్తే ఏమవుతుందో మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

గోదాముల్లో పడిన ఆ రికార్డులనే ఉత్తర ఇంగ్లండు ఏరుకుంది.

మొదటి చోటు మాంచెస్టరులోని ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బు. 1963లో తెరిచారు, 1965లో విట్‌వర్త్ వీధికి మార్చారు. శనివారం రాత్రి మొదలై ఆదివారం తెల్లవార్లూ నాట్యం. ఇలాంటి రాత్రిని 'ఆల్‌నైటర్' అంటారు. అక్కడ మొదట్లో రికార్డులు వేసిన రోజర్ ఈగిల్ అన్ని రకాల నల్లజాతి సంగీతాన్నీ వినిపించాలనుకునేవాడు: బ్లూస్, జాజ్, నెమ్మది పాటలు. జనానికి మాత్రం ఒకే వేగం కావాలి. విసిగిపోయి ఆయన 1966లో వెళ్ళిపోయాడు. ఉద్యమానికి పేరు కూడా పుట్టకముందే అందులో మొదటి అభిప్రాయభేదం పుట్టిందన్నమాట. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1971లో ట్విస్టెడ్ వీల్ మూతపడింది. స్టోక్ దగ్గర టన్‌స్టల్‌లోని గోల్డెన్ టార్చ్ కొంతకాలం వెలిగి 1973లో ఆరిపోయింది. అదే ఏడు సెప్టెంబరు 23న విగన్ క్యాసినోలో మొదటి ఆల్‌నైటర్ జరిగింది. పేరు క్యాసినో గాని అక్కడ జూదం లేదు. పాత ఎంప్రెస్ బాల్‌రూమ్ అనే పెద్ద నాట్యశాల అది. రాత్రి రెండు గంటలకు తలుపులు తీసేవారు. ఉదయం ఎనిమిదికి ఆపేవారు. ఆల్‌నైటరులో మద్యం అమ్మకం లేదు. 1981 డిసెంబరు 6 వరకు, ఎనిమిదేళ్ళకు పైగా నడిచింది.

విగన్ గురించి అభిమానులు పుస్తకాల్లోనూ చిత్రాల్లోనూ చెప్పిన జ్ఞాపకాలు చదువుతూ పోతే ఒక విశేషం కనిపిస్తుంది. పాట పేరు చెప్పేముందు వాళ్ళు ఒంటికి తగిలిన సంగతులు చెప్తారు. చలిలో బయట నిలబడటం, తలుపులు తీయగానే వెనకనుంచి వచ్చే తోపుడు, లోపల వందలమంది ఒంటి వేడికి పుట్టిన ఆవిరి పైకప్పుకు తగిలి చుక్కలు చుక్కలుగా మళ్ళీ నెత్తిన పడటం, కాళ్ళకింద స్ప్రింగులా తూగే చెక్కనేల, పాటలో ఒకానొక చోట హాలంతా ఒక్కటై కొట్టే చప్పట్లు. భుజాన సంచి, సంచిలో తువ్వాలు, మార్చుకునే చొక్కా, టాల్కం పౌడరు డబ్బా. సంచికీ చొక్కాకీ కుట్టుకున్న గుడ్డ బిళ్ళలు. వాటిమీద బిగించిన పిడికిలి, 'నమ్మకం నిలుపుకో' అన్న అర్థం వచ్చే నినాదం. ఆ పిడికిలి అమెరికాలో నల్లజాతి హక్కుల పోరాటం నుంచి వచ్చినదే. పొద్దున్నే బయటపడ్డాక నేరుగా ఊరి ఈతకొలనుకు పోయి చెమట కడుక్కున్నామని చెప్పేవాళ్ళు ఎంతమందో.

టాల్కం పౌడరు ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. ఇది మా శాఖలోని విషయం కాబట్టి కాస్త ఆగుతాను. నార్తర్న్ సోల్ నాట్యం జంటగా చేసేది కాదు. ఎవరికి వారు, తమకు దక్కిన రెండు గజాల నేలమీద, పక్కకు జారుతూ, గిర్రున తిరుగుతూ, వెనక్కి పడి చేతిమీద లేస్తూ చేస్తారు. జారాలంటే ఘర్షణ తక్కువగా ఉండాలి. తోలు అట్టల బూట్లు వేసుకుని, నేలమీద టాల్కం చల్లుకునేవారు. టాల్క్ అంటే మెగ్నీషియం సిలికేట్ ఖనిజం. మోస్ కాఠిన్య కొలబద్ద మీద దాని అంకె 1, అంతకన్నా మెత్తని ఖనిజం ఆ కొలబద్దలో లేదు. దాని అణువులు పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి. పొరకూ పొరకూ మధ్య బంధం చాలా బలహీనం, కాబట్టి ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. మనం పలకమీద దిద్దిన బలపం కూడా ఈ జాతిదే. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో తవ్వే బలపపు రాయిలో ఎక్కువ భాగం ఈ టాల్కే. ఇక తిరగడం సంగతి: చేతులు చాపి తిరగడం మొదలుపెట్టి, దగ్గరకు లాక్కుంటే వేగం పెరుగుతుంది. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అని ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. పదహారేళ్ళ గనికార్మికుడి కొడుకు దాన్ని పాట మధ్యలో, తాళం తప్పకుండా చేసి చూపించాడు.

ఈ ఊళ్ళకే ఈ పిచ్చి ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు అభిమానులు చెప్పే జవాబు దాదాపు ఒక్కటే: వారమంతా యంత్రం మన చేత ఆడిస్తుంది, శనివారం రాత్రి మనకోసం మనం ఆడతాం. 1977లో టోనీ పామర్ గ్రనడా టెలివిజన్ కోసం విగన్ క్యాసినో మీద తీసిన చిత్రంలో కూడా నాట్యం మధ్య మధ్య పాత మిల్లుల, గనుల దృశ్యాలు వస్తాయి. మన చరిత్ర పాఠంలో లాంకషైరు మిల్లు గుడ్డ అంటే మన నేతగాళ్ళ నోటిదగ్గరి కూడు లాక్కున్న గుడ్డ. అది నిజమే. కాని ఆ మిల్లులో మగ్గం ముందు నిలబడినవాడు దొర కాదు, కూలివాడు. 1931లో గాంధీజీ లాంకషైరులో డార్వెన్ వెళ్ళినప్పుడు, విదేశీ వస్త్ర బహిష్కారంతో పని దెబ్బతిన్న ఆ కార్మికులే ఆయన్ను ఆదరంగా చుట్టుముట్టారు. నార్తర్న్ సోల్ కుర్రాళ్ళు అలాంటివాళ్ళ మనవల తరం. వాళ్ళ కళ్ళముందే ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల చప్పుడులో పుట్టిన పాట వీళ్ళకు పరాయిదిగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

జ్ఞాపకాలన్నీ తీపివి కావు. రాత్రంతా నిద్రపోకుండా ఎగరడానికి చాలామంది ఆంఫెటమీన్ మాత్రలు మింగారు. మందుల షాపులకు కన్నాలు పడ్డాయి, పోలీసుల సోదాలు జరిగాయి, ఆరోగ్యం పాడైనవాళ్ళున్నారు, చిన్న వయసులో పోయినవాళ్ళూ ఉన్నారు. ఈ సంగతి దాటేసి 'మేం పాటకోసమే వెళ్ళాం' అనేవాళ్ళ మాట పూర్తిగా నమ్మలేం. అందరూ మత్తుకోసమే వెళ్ళారన్న పత్రికల మాటా నిజం కాదు. మాత్ర ముట్టకుండా పొద్దున ఎనిమిది దాకా ఆడినవాళ్ళు తమను ఆ లెక్కలో కలిపేశారని ఇప్పటికీ బాధపడతారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ ఉద్యమంలో గొప్ప అంటే అరుదైన రికార్డు సంపాదించడం. రికార్డులు వేసే డి.జె.లు, వర్తకులు అమెరికా వెళ్ళి గోదాములు, పాత సామాన్ల అంగళ్ళు గాలించారు. మరొకరి దగ్గర లేని పాట ఉంటే ఆ డి.జె. కోసం జనం వంద మైళ్ళు ప్రయాణం చేసి వచ్చేవారు. అందుకని దొరికిన రికార్డు అసలు పేరు ఎవరికీ తెలియకుండా నడిమి కాగితం మీద మరో కాగితం అంటించి, పాటకు దొంగ పేరు, గాయకుడికి దొంగ పేరు పెట్టేవారు. దీన్ని 'కవర్ అప్' అంటారు. జమైకా దేశపు సౌండ్ సిస్టమ్ వాళ్ళు అంతకుముందే ఈ కిటుకు చేసేవారు.

ఫ్రాంక్ విల్సన్ కథ దీనికి పెద్ద ఉదాహరణ. ఆయన మోటౌన్‌లో పాటలు రాసి, నిర్మించే ఉద్యోగి. 1965లో 'డూ ఐ లవ్ యూ (ఇండీడ్ ఐ డూ)' అని తానే ఒక పాట పాడాడు. సుమారు 250 నమూనా ప్రతులు అచ్చువేసి, విడుదల చేయకుండానే నాశనం చేశారని చెప్తారు. ఆయన గాయకుడి ఆశ వదులుకుని నిర్మాతగానే స్థిరపడి, సుప్రీమ్స్ బృందం వంటివాళ్ళకు పెద్ద పెద్ద పాటలు చేశాడు. పదేళ్ళు దాటాక ఆ పాట నమూనా ఒకటి ఇంగ్లండు చేరింది. విగన్‌లో దాన్ని వేసినప్పుడు గాయకుడి పేరు ఎడ్డీ ఫాస్టర్ అని చెప్పారు. ఆ దొంగ పేరుతోనే దొంగ అచ్చులు కూడా అమ్ముడుపోయాయి. నిజం బయటపడ్డాక 1979లో మోటౌన్ బ్రిటిష్ శాఖ పాటను సక్రమంగా విడుదల చేసింది. మిగిలిన అసలు నమూనాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడైంది. 2020లో మరో అమ్మకం లక్ష పౌండ్లకు చేరింది. మన రూపాయల్లో కోటికి కాస్త అటూ ఇటూ. విల్సన్ 2012లో కన్నుమూశాడు.

హాస్టల్లో ఈ కథ చెప్తే నా మిత్రుడొకడు 'రెండున్నర నిమిషాల పాటకు కోటి రూపాయలా!' అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళంలో అమ్ముకున్న పంట కోల్డు స్టోరేజిలో కూర్చుని ధర పెంచుకుంటే, పెరిగిన డబ్బు ఎవరికి పోతుంది? సరుకు పట్టుకున్నవాడికి. రికార్డు కూడా అంతే. పాత రికార్డు చేతులు మారినప్పుడు పాడినవాడికి పైసా రాదు. దొంగ అచ్చు అమ్ముడైనా రాదు. ఒక పాటను మరొకరు మళ్ళీ పాడితే పాట రాసినవాడికి హక్కు సొమ్ము వస్తుంది గాని మొదట పాడినవాడికి రాదు. గ్లోరియా జోన్స్ 1960ల మధ్యలో పాడిన 'టెయింటెడ్ లవ్' అమెరికాలో ఎవరూ పట్టించుకోని పాట, అదీ రికార్డు రెండోవైపు వేసినది. నార్తర్న్ సోల్ నాట్యశాలలు దాన్ని బతికించాయి. ఆ నాట్యశాలల్లో ఆ పాట విని పెరిగిన బ్లాక్‌పూల్ కుర్రాడు డేవ్ బాల్, మార్క్ ఆల్మండ్‌తో కలిసి సాఫ్ట్ సెల్ పేరున 1981లో దాన్ని మళ్ళీ చేస్తే బ్రిటన్‌లో మొదటి స్థానానికి పోయింది. రాయల్టీ రచయిత ఎడ్ కాబ్ వైపు పోయింది.

ఈ విషయంలో అభిమానులు రెండుగా చీలతారు. మేం లేకపోతే ఆ పాటలు ఎప్పుడో చెత్తలో కలిసేవి, కనీసం పేరైనా నిలబెట్టాం అని కొందరు. పేరు కూడా మార్చి వేశారు కదయ్యా అని మరికొందరు. రెండో మాటకు మొదటివాళ్ళ దగ్గర సరైన జవాబు లేదని నా అభిప్రాయం. అయితే ఆధారం లేని నింద కూడా వేయకూడదు. షికాగో గాయకుడు మేజర్ లాన్స్ అమెరికాలో వెలుగు తగ్గిన రోజుల్లో, 1970ల మొదట్లో బ్రిటన్ వచ్చి పాడుకుని బతికాడు. గోల్డెన్ టార్చ్‌లో ఆయన కచేరీని రికార్డుగా కూడా తెచ్చారు. టామ్స్ బృందం 1964లో పాడిన పాట 1971లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వచ్చింది. ఆర్. డీన్ టేలర్ 1967 పాట 1974లో మూడో స్థానానికి వచ్చింది. అవి నాట్యశాలలో జనం అడగబట్టి కంపెనీలు చట్టప్రకారం మళ్ళీ అచ్చువేసినవి. 1982లో మొదలైన కెంట్ అనే రికార్డు సంస్థ హక్కులు కొని, పాత టేపుల గదులు వెతికి, గాయకుల అసలు పేర్లతో, వాళ్ళ జీవిత వివరాలతో సంపుటాలు తెచ్చింది. దొంగ పేరు అంటించిన కాగితాన్ని గీకేసినట్టు అయింది ఆ పని. అభిమానులలో నిజమైన చదువరులు అక్కడ కనిపిస్తారు.

రెండో పెద్ద తగాదా పాతా కొత్తల మధ్యది. బ్లాక్‌పూల్ మెక్కా భవనంలో హైలాండ్ రూమ్ అనే హాలు ఉండేది. అక్కడ రికార్డులు వేసిన ఇయాన్ లెవీన్, కోలిన్ కర్టిస్ 1970ల నడుమ ఒక పని చేశారు. 1960ల రికార్డులు ఎంత తవ్వినా ఎప్పటికో అయిపోతాయి. అమెరికాలో నల్లజాతి గాయకులు ఇవాళ ఏం పాడుతున్నారో అందులోంచి మంచివి ఎందుకు ఏరుకోకూడదు అని 70ల పాటలు వేయడం మొదలుపెట్టారు. కార్‌స్టెయిర్స్ బృందం 1973 పాట అలా పేరు తెచ్చుకున్నదే. విగన్ పక్షంవారు ఒప్పుకోలేదు. వాళ్ళకు దడదడలాడే 60ల పాటే కావాలి. లెవీన్ పోవాలని బ్యానర్లు పట్టుకున్నారట! ఒకే ఊరివాళ్ళు, ఒకే బస్సులో వచ్చినవాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. రోజర్ ఈగిల్ వెళ్ళిపోయిన సంగతి గుర్తుంచుకోమన్నాను, అది ఇందుకే.

ఎవరు ఒప్పు? అన్వేషణ ఈ ఉద్యమానికి ప్రాణం అన్న మాటే తీసుకుంటే బ్లాక్‌పూల్ వాళ్ళ వాదం బలమైనది. ఎందుకంటే విగన్‌లో కొత్తది దొరకని రోజుల్లో వేగం ఒక్కటే కొలతగా పెట్టుకుని, సోల్ కానేకాని తెల్లవాళ్ళ వాయిద్యపు పాటల్ని కూడా వేశారు. విగన్ పేరు తగిలించుకున్న బృందాలు 1975లో టెలివిజన్ కెక్కి పాపులర్ లిస్టుల్లోకి పోయాయి. విగన్స్ చూజన్ ఫ్యూ 'ఫుట్‌సీ' అటువంటిదే. నిఖార్సయిన అభిమానులు దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మొహం తిప్పుకుంటారు. పామర్ చిత్రం మీద కూడా ఇదే రకం కోపం ఉంది: కెమెరా వచ్చాకే వింత చూడటానికి వచ్చే జనం ఎక్కువయ్యారని. మరి అప్పటి నాట్యాన్ని ఇవాళ మనం చూడగలుగుతున్నది ఆ చిత్రం ఉండబట్టే కదా. అది లేకపోతే నాబోటివాడికి ఆ గిర్రున తిరగడం ఊహకు కూడా అందేది కాదు.

అయినా విగన్ వాళ్ళనూ తేలిగ్గా తీసేయలేం. నాట్యం చేసేవాడికి తెలిసిన పాటే హాయి. ఏ మలుపులో చప్పట్లు, ఏ మలుపులో తిరుగుడు అన్నది ఒంటికి పట్టి ఉంటుంది. కొత్త పాట వచ్చిన ప్రతిసారీ ఆ ఒళ్ళు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. వారానికి ఒక్క రాత్రి దొరికినవాడు ఆ రాత్రి ప్రయోగాలకు ఇవ్వనంటే తప్పేముంది? విగన్ క్యాసినోలోనే మిస్టర్ ఎమ్స్ అనే రెండో హాలు పాత ఇష్టమైన పాటలకోసం పెట్టుకున్నారు. పెద్ద హాలులో ప్రతి ఆల్‌నైటరూ చివర ఎనిమిదికి ముందు వరసగా అవే మూడు పాటలు: టోబీ లెజెండ్‌ది ఒకటి, జిమ్మీ రాడ్‌క్లిఫ్‌ది ఒకటి, డీన్ పారిష్‌ది ఒకటి. 'త్రీ బిఫోర్ ఎయిట్' అంటారు. గుళ్ళో పవళింపు సేవలాగా క్రమం మారకూడదు.

1981లో పురపాలకులకు ఆ స్థలం కావలసివచ్చింది, తమ కార్యాలయ భవనం పెంచుకోవడానికి. చివరి రాత్రి ఆ మూడు పాటలూ మళ్ళీ మళ్ళీ వేసినా జనం కదల్లేదు. అప్పుడు రస్ విన్‌స్టాన్లీ పెట్టెలోంచి చేతికందిన రికార్డు తీసి వేశాడు. అది ఫ్రాంక్ విల్సన్ పాట. మరుసటేడు భవనం కాలిపోయింది, ఆ తర్వాత కూల్చేశారు. అనుకున్న కార్యాలయం మాత్రం డబ్బు లేక కట్టనే లేదు. 2007 నుంచి అక్కడ బజారు సముదాయం ఉంది.

పత్రికలు కథ ముగిసిందని రాశాయి గాని ముగియలేదు. లండన్‌లో 100 క్లబ్బులో జరిగిన ఆల్‌నైటర్లు, 1980లలో స్టాఫర్డ్‌లో జరిగినవీ అన్వేషణను కొనసాగించాయి. స్టాఫర్డ్‌లో నెమ్మదైన 60ల పాటలకు కూడా చోటు దొరికింది. 2014లో ఎలైన్ కాన్‌స్టంటైన్ తీసిన 'నార్తర్న్ సోల్' చిత్రం చూసి కొత్త తరం నేలమీదికి వచ్చింది. 2023 జూలైలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బి.బి.సి. ప్రామ్స్ సంగీతోత్సవంలో ఈ పాటలను పూర్తి వాద్యబృందంతో వినిపించారు. ఒకప్పుడు పోలీసులు సోదాలు చేసిన సంగీతం అది.

ఇప్పుడు నడుస్తున్న వాదన రికార్డు గురించే. చాలాచోట్ల అసలు కాలపు ప్లేటు తప్ప మరేదీ వేయకూడదన్న నియమం ఉంది. పునర్ముద్రణ కూడా పనికిరాదు. ఈ నియమం లేకపోతే వెతికే శ్రమకు విలువ ఉండదు, ఎవడైనా ఫోను తగిలించి డి.జె. నంటాడు అని పెద్దవాళ్ళు అంటారు. ఈ నియమం డబ్బున్నవాళ్ళకే తలుపు తీస్తుంది, వేల పౌండ్లు పెట్టలేని ఇరవయ్యేళ్ళ పిల్లలు ఎప్పటికీ నాట్యం చేయవలసిందే గాని రికార్డు వేసే బల్ల దగ్గరికి రాలేరు అని చిన్నవాళ్ళు అంటారు. నా ఓటు చిన్నవాళ్ళకే. గాయకుడికి సొమ్ము పోయేది సక్రమమైన పునర్ముద్రణ కొంటేనే గాని, వేలంలో పాత ప్లేటు కొంటే కాదు. ఇది చెప్తే వినే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. వారాంతపు ఉత్సవాల్లో ఇప్పుడు సాధారణంగా రెండు మూడు హాళ్ళు పెడతారు: ఒకదాంట్లో విగన్ నాటి పాత పాటలు, ఒకదాంట్లో ఈమధ్య కొత్తగా బయటపడినవి, ఒకదాంట్లో 70ల తర్వాతివి. మూడింట్లోనూ వాదించుకునేవాళ్ళు ఉంటారు. టాల్కం డబ్బాతో ఒక హాల్లోంచి ఇంకో హాల్లోకి తిరిగేవాళ్ళూ ఉంటారు.